అచ్చులో సగం, తలలో సగం

పుంగ్గోల్‌లో వన్ పుంగ్గోల్ అనే పెద్ద భవనం ఉంది. హాకర్ సెంటరూ, ప్రాంతీయ గ్రంథాలయమూ అక్కడ ఒకే కప్పు కింద ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం ఐదుగురు స్నేహితులు అక్కడికి భోజనానికి వచ్చారనుకుందాం. జనం కిటకిటలాడుతున్నారు, దొరికిన బల్లల దగ్గర సర్దుకోవాలి. ఐదుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఎవరి బల్ల వారిదే కావచ్చు. ముగ్గురొకచోట, ఇద్దరొకచోట కావచ్చు. ఏ బల్ల, ఏ కుర్చీ అన్నది మనకు అనవసరం. ఎవరు ఎవరితో కూర్చున్నారన్నదే లెక్క. మొత్తం ఎన్ని రకాలుగా కూర్చోగలరు? కాగితం తీసుకుని ఓపిగ్గా రాసుకుంటూ పోతే, అందరూ కలిసి 1 రకం, నలుగురూ ఒకరూగా 5, ముగ్గురూ ఇద్దరుగా 10, ముగ్గురు కలిసి మిగతా ఇద్దరూ విడివిడిగా 10, రెండు జంటలూ ఒక ఒంటరీగా 15, ఒక జంటా ముగ్గురు ఒంటరులుగా 10, ఎవరికి వారుగా 1. కూడితే 52. గణితంలో ఈ జాతి సంఖ్యల్ని బెల్ సంఖ్యలంటారు, 20వ శతాబ్దపు గణితజ్ఞుడు ఎరిక్ టెంపుల్ బెల్ పేరు మీద. ఆయన పుట్టడానికి చాలా ముందే జపాన్‌లో ఈ 52 పొందికలకీ ఒక్కోదానికి ఒక్కో బొమ్మ, ఒక్కో పేరు ఉండేవి. కిమోనోల అంచుల మీద, లక్క పెట్టెల మూతల మీద, చెక్క అచ్చు చిత్రాల మూలల్లో అవి కనబడేవి.

ఉకియోయె అనే ఆ చెక్క అచ్చు చిత్రాలను మనం మామూలుగా రంగు కోసం, గీత కోసం, హొకుసాయ్ గీసిన ఆ ఒక్క పెద్ద అల కోసం చూస్తాం. పాత కవితలూ, ఆటలూ వాటికి ఇతివృత్తాలయ్యాయని చెప్పి ఊరుకుంటాం. అక్కడితో ఆగితే అసలు సంగతి జారిపోతుందని నా వాదన. ఎడో కాలపు, అంటే 17-19 శతాబ్దాల జపాన్ నాటి చిత్రం ఒక చిన్న కాగితం. దాని మీద పట్టేది కొంచెమే. మిగతాది కొనేవాడి తలలో ముందే ఉండాలి. అక్కడికి ఆ సరుకును చేర్చింది చాలావరకు ఆటలు. కవితను ఎలా గుర్తుపట్టాలో, వందలో ఒకదాన్ని ఎంత తక్కువ ఆధారంతో విడదీయాలో ఆటలు నేర్పాయి. చిత్రకారులు ఆ నేర్పును పెట్టుబడిగా వాడుకున్నారు. అంటే ఈ చిత్రాల్ని సమాచార శాస్త్రం కళ్లతో చూడవచ్చు. చూస్తే కొన్ని లెక్కలు తేలతాయి. లెక్క అన్నాక ఎక్కడ తప్పిందో కూడా చెప్పవచ్చు.

ముందు ఆ 52 సంగతి. అది గెంజి-కో అనే అగరు ఆట నుంచి వచ్చింది. అగరు చెట్టుకు గాయమై, ఆ గాయంలో శిలీంధ్రం చేరినప్పుడు చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ముదురు రంగు రెసిన్ ఊరుస్తుంది. ఏళ్ల తరబడి ఆ రెసిన్ పట్టిన కలపే అగరు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కలపకు ఆ పరిమళం ఉండదు. జపాన్‌లో ఈ చెట్టు పెరగదు. ఓడల్లో వచ్చిన సరుకును అక్కడి ధూప సంప్రదాయం ఆరు దేశాల పేర్లతో వర్గీకరించింది. వాటిలో సుమోతరా అన్నది సుమత్రా, మనకా అన్నది మలక్కా అని చెబుతారు. పుంగ్గోల్‌లో ఉన్నవారికి రెండూ ఇరుగుపొరుగే. మలక్కా పేరు పెట్టుకున్న అగరు జాతి మీద 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉంది, అంతగా నరికేశారు. ఇంత ఖరీదైన కలపను కాల్చరు, వేడి చేస్తారు. చిన్న పాత్రలో మెత్తటి బూడిద, బూడిదలో పూడ్చిన నిప్పు కణిక, పైన పలుచటి అభ్రకం పలక, దాని మీద గోరు కొనంత ముక్క. (అభ్రకం ఎందుకో గూడూరు వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు: పొరలుగా విడుతుంది, వేడికి చెక్కుచెదరదు.) ఆ పాత్ర చేతులు మారుతూ పోతుంది.

ఆట ఇది. ఐదు రకాల అగరు, ఒక్కో రకానికి ఐదు పొట్లాలు, మొత్తం 25. కలిపేసి, అందులోంచి ఐదు తీసి ఒకదాని తర్వాత ఒకటి వేడి చేస్తారు. ఏది ఏ రకమో పేరు చెప్పమని అడగరు. ఏవేవి ఒకటే వాసనో చెప్పాలి. పరిమళాన్ని మనసులో పట్టి ఉంచడం చాలా కష్టం. ముక్కు త్వరగా అలవాటుపడి మొద్దుబారుతుంది. రంగుకు ఉన్నన్ని పేర్లు వాసనకు లేవు. అందుకే ఆటగాడికి కాగితం ఇచ్చారు. కుడి నుంచి ఎడమకు ఐదు నిలువు గీతలు గీసి, ఒకటే అనిపించిన వాటి తలల్ని అడ్డగీతతో కలుపుతాడు. వచ్చే ఆకారాలు 52. వెయ్యేళ్ల కిందట మురసాకి షికిబు రాసిన గెంజి కథలో 54 అధ్యాయాలున్నాయి. మొదటిదీ చివరిదీ పక్కన పెడితే సరిగ్గా 52! ఒక్కో ఆకారానికి ఒక్కో అధ్యాయం పేరు పెట్టేశారు. ఐదు గీతలూ విడిగా నిలబడితే రెండో అధ్యాయం హహకిగి. ఐదూ కలిసిపోతే 53వ అధ్యాయం తెనరాయ్. ఆటగాడు తన జవాబుగా ఆ అధ్యాయం పేరు రాస్తాడు.

గణితం ఇక్కడ కూడా ఆట వెనకే నడిచింది. 18వ శతాబ్దంలో మత్సునగా యోషిసుకే, ఐదు కాక ఎన్ని ధూపాలైనా ఈ లెక్క ఎలా కట్టాలో సూత్రం కనిపెట్టాడు. మొదటి ధూపంతో ఎన్ని కలిశాయో చూడండి అన్నదే దాని కిటుకు. ఏదీ కలవకపోతే మిగతా నాలుగూ తమలో తాము 15 రకాలుగా సర్దుకుంటాయి. ఒకటి కలిస్తే దాన్ని ఎంచుకోవడానికి 4 మార్గాలు, మిగిలిన మూడింటికి 5, వెరసి 20. రెండు కలిస్తే 6 మార్గాలు, మిగిలిన రెండింటికి 2, వెరసి 12. మూడు కలిస్తే 4. నాలుగూ కలిస్తే 1. మొత్తం 52. ఈ సూత్రాలు 1769లో అరిమా యోరియుకి పుస్తకంలో అచ్చయ్యాయి. ఆయన కురుమే సంస్థానానికి ప్రభువు. మన సంస్థానాధీశులు కావ్యాలు అంకితం పుచ్చుకుంటుంటే, ఆయన లెక్కల పుస్తకం రాశాడు. పరిమళం నుంచి గణితంలోకి వెళ్లిన దారి మనకూ ఉంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధాల అధ్యాయం రాస్తూ, 16 ద్రవ్యాల్లో నాలుగింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో లెక్కగట్టి 1820 అన్నాడు. సరైన జవాబే. అయితే ఆ 1820 ఆటగా మారలేదు, ఎవరి పైట కొంగు మీదా బొమ్మగా వెలవలేదు.

చిత్రాల్లోకి వద్దాం. 1829 నుంచి 1842 వరకు ర్యూతెయ్ తనెహికో అనే రచయిత గెంజి కథను తన కాలానికి మార్చి ధారావాహికగా రాశాడు. బొమ్మలు చిత్రకారుడు కునిసదావి. అది విపరీతంగా అమ్ముడుపోయింది. దాని వెంట గెంజి చిత్రాల వరద వచ్చింది. 1840ల మధ్యలో కునిసదా చేసిన ఒక వరస పేరే గెంజి ధూప చిత్రాలు. ఒక్కో కాగితం మూలన ఆ ఐదు గీతల ముద్ర ఒకటి ఉంటుంది. బొమ్మలో ఉన్నది వెయ్యేళ్ల కిందటి రాజాస్థానం కాకపోవచ్చు. ఎడో కాలపు వేషంలో ఒక స్త్రీ, ఒక తెర, ఒక చెట్టు కొమ్మ. ముద్ర చూసినవాడు మాత్రం అధ్యాయాన్ని గుర్తు తెచ్చుకుని, ఆ కథలోని ఎడబాటునో కలయికనో తీసుకొచ్చి బొమ్మలో నింపుకుంటాడు. నిలువుగా ఐదు గీతలు, అడ్డంగా రెండో మూడో గీతలు. ఇంత చిన్న గుర్తుతో ఒక అధ్యాయమంతా పిలిపించడం అంటే మాటలా?

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. చాలా చిత్రాల్లో ముద్ర పక్కనే అధ్యాయం పేరు అక్షరాల్లో కూడా ఉంటుంది. మరి ముద్ర అలంకారమే కదా? కిమోనోల మీద అది ఒట్టి నగిషీగానే మిగిలిందన్న మాటా నిజమే. కానీ అక్షరాల్లో రాసిన పేరు కూడా ఒక చిరునామాయే. కథ ఆ కాగితం మీద ఎక్కడా లేదు. ఒకే ఇంటికి రెండు చిరునామాలు ఇచ్చినంత మాత్రాన ఇల్లు అక్కడికి నడిచి రాదు. ఇంకో ఆధారం సంభావ్యత లెక్కలో దొరుకుతుంది. ఆటలో 52 ఆకారాలూ సమానంగా రావు. 25 పొట్లాల్లోంచి ఐదు తీస్తే, ఒక జంటా మూడు ఒంటరులూ ఉండే ఆకారాలు దాదాపు 47 శాతం సార్లు వస్తాయి. ఐదూ వేర్వేరుగా ఉండే హహకిగి సుమారు 17 ఆటలకొకసారి వస్తుంది. ఐదూ ఒకటే అయిన తెనరాయ్ 10,626 ఆటల్లో ఒకసారి వస్తుంది. రోజుకొక ఆట ఆడినా 29 ఏళ్లు కాచుకోవాలి. చిత్రాల వరసలో మాత్రం తెనరాయ్‌కీ ఒక కాగితమే, హహకిగికీ ఒక కాగితమే. అంటే కాగితం మీదికి వచ్చేసరికి ముద్ర ఆటలోని అదృష్టాన్ని వదిలేసి, పేరుగా మాత్రమే మిగిలింది. ఊరికే అందం కోసమైతే ఎక్కువ ముచ్చటైన ఆకారాల్నే మళ్లీ మళ్లీ వాడుకునేవారు. వస్త్రాల మీద ఆ స్వేచ్ఛ ఉంది. చిత్రాల వరసలో లేదు.

పోల్చి చూడడానికి మన దగ్గరిదే ఒక ఉదాహరణ ఉంది. మచిలీపట్నం రేవు నుంచి, కోరమండల్ తీరమంతటి నుంచి అద్దకపు బట్టలు డచ్చి ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడ వాటిని సరసా అన్నారు. 1778లో సరసా నమూనాలతో చెక్క అచ్చు పుస్తకం కూడా వచ్చింది. పూలూ లతలూ మామిడిపిందెలూ అంత దూరం వెళ్లాయి, జపాన్ వాళ్లు మోజుపడ్డారు, కాపీ కొట్టారు. కానీ వాటిని చదివే ఆట వెంట వెళ్లలేదు. అవి నమూనాలుగా వెళ్లి నమూనాలుగానే ఉండిపోయాయి.

చిత్రం ఇంత పొదుపుగా ఉండాల్సిన అగత్యం ఏమిటి? ధర. 1842లో ప్రభుత్వం ఆంక్షలు పెట్టినప్పుడు ఒక చిత్రానికి ఏడెనిమిది అచ్చులు మించకూడదనీ, ఖరీదు 16 మోన్‌లు దాటకూడదనీ ఉత్తర్వులిచ్చింది. 16 మోన్‌లంటే అప్పట్లో ఒక గిన్నెడు సోబా నూడుల్స్. ఒక్కో రంగుకు ఒక్కో చెర్రీ చెక్క పలక చెక్కాలి. ప్రతి పలకకూ ఒక మూలన చిన్న గాడి, అంచున ఇంకో గీత ఉంటాయి. కాగితం మూలను ఆ గాడిలో ఆనిస్తేనే ఎరుపు పక్కన పచ్చ తన చోట తాను పడుతుంది. పెడనలో బట్ట మీద అచ్చులు వేసేవారికి ఈ కష్టం కొత్తకాదు, ఒక అచ్చు వెంట్రుకవాసి జరిగితే పువ్వు గీత దాటిపోతుంది. పలకలకు ఇంత శ్రమ, చివరికి చేతికొచ్చేది 16 మోన్‌లు. కథంతా గీసే స్తోమత ఎవరికీ లేదు.

నిజానికి ఈ బహురంగుల పద్ధతి ఊపందుకున్నదే ఒక ఆట మూలంగా. జపాన్‌లో అప్పుడు మనలాగే చాంద్రమానం. నెలకు 30 రోజులో 29 రోజులో. ఏ నెల పెద్దదో ఏది చిన్నదో ఏటేటా మారుతుంది. అది తెలియకపోతే అప్పు వాయిదా లెక్కలే తప్పుతాయి. పంచాంగాలు అచ్చువేసే హక్కు కొందరికే ఉండేది. దాంతో కవితా గోష్ఠుల్లో తిరిగే కలిగినవారు పెద్ద నెలల అంకెల్ని బొమ్మలో దాచి, కొత్త సంవత్సరానికి ఒకరికొకరు ఇచ్చుకునే సరదా మొదలుపెట్టారు. 1765లో, అంటే మెయివా రెండో ఏట, ఈ పోటీ తారస్థాయికి చేరింది. సుజుకి హరునోబు చేసిన సాయంకాలపు జల్లు చూడండి. హఠాత్తుగా వాన. ఒక యువతి ఆరేసిన బట్ట తీయడానికి పరుగెత్తుతోంది, ఒక కాలి చెక్క చెప్పు జారిపోయింది. గాలికి ఊగుతున్న కిమోనో నగిషీని దగ్గరగా చూస్తే అక్షరాలు: పెద్ద, 2, 3, 5, 6, 8, 10, మెయివా 2. ఆ ఆరు నెలలకూ 30 రోజులు, మిగతా ఆరింటికీ 29, మొత్తం 354. పన్నెండు నెలల్లో ఆరింటిని ఎంచుకునే పద్ధతులు 924. అందులో ఈ ఏడాదిది ఏదో ఒక తడి బట్ట చెబుతోంది. డబ్బున్నవారు ఇలాంటి చిత్రాల కోసం పలకల మీద పలకలు చెక్కించారు, మంచి కాగితం కొన్నారు. పూర్తి రంగుల చిత్రం అలా స్థిరపడింది.

ఇక్కడ నా వాదనకు ఎదురుదెబ్బ లాంటి సాక్ష్యం ఉంది. ఆ ఏడాది గడిచాక ప్రచురణకర్తలు అవే పలకలు సంపాదించి, నెలల అంకెలు చెక్కి తీసేసి, బొమ్మను మాత్రం బజార్లో అమ్మారు. జనం కొన్నారు. గూఢలిపి లేకుండానే చిత్రం అమ్ముడుపోయిందిగా? పోయింది. కాదనలేను. పాత సంవత్సరపు నెలలు ఎవరికి కావాలి. పంచాంగానికి గడువు ఉంటుంది, కవితకు ఉండదు. అయితే అంకెలు తీసేసిన ఆ ప్రచురణకర్తలే, అదే దశాబ్దంలో, పాత కవితల్నీ పురాణాల్నీ సమకాలీన వేషంలో దాచిన బొమ్మల్ని జోరుగా వేశారు. గడువు తీరే సంకేతాన్ని వదిలి గడువులేని సంకేతాన్ని పట్టుకున్నారు. బజారు తెలివి అది.

ఆ గడువులేని సంకేతాల్లో పెద్దది హ్యాకునిన్ ఇష్షు. ఫుజివారా నో తెయికా 13వ శతాబ్దంలో వందమంది కవుల నుంచి ఒక్కొక్క కవిత ఏరి కూర్చిన సంకలనం. ఒక్కో కవితకు 31 అక్షరాలు (మన ఛందస్సు తెలిసినవారు మాత్రలనుకుంటే ఇంకా దగ్గరగా ఉంటుంది). పోర్చుగీసు వాళ్లు తెచ్చిన పేకముక్కల అలవాటు ఈ కవితలతో కలిసి కరుతా ఆట పుట్టింది. ఒకరు పైభాగం చదువుతారు. కిందిభాగం రాసి ఉన్న ముక్కలు చాప మీద పరిచి ఉంటాయి. సరైన ముక్కను ముందు తాకినవాడిది గెలుపు. 1904లో పత్రికా సంపాదకుడు కురోయివా రుయికో దీనికి పోటీ నియమాలు ఏర్పరిచాడు. ఇద్దరికి చెరి 25 ముక్కలు, చాప మీద 50. చదివేవి మాత్రం మొత్తం వంద, సగం కవితలకు తాకవలసిన ముక్కే ఉండదు. కవిత పూర్తయ్యేదాకా ఆగేవాడు ఓడిపోతాడు. ఎన్ని అక్షరాలు వింటే చాలు అన్నదే ఆట. ఆటగాళ్లు ప్రతి కవితకూ ఆ హద్దు లెక్కగట్టి కిమారిజి అన్నారు. ఒక్క అక్షరంతో తేలిపోయేవి 7, రెండు అక్షరాలవి 42, మూడు అక్షరాలవి 37, నాలుగువి 6, ఐదువి 2, ఆరువి 6. చివరి ఆరూ మూడు జతలు. జతలో రెండు కవితలకూ మొదటి ఐదు అక్షరాలూ ఒకటే, ఆరోది వినేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. సగటు తీస్తే 2.72. అంటే కవితలో పదోవంతు కూడా వినకముందే మిగతా తొమ్మిది వంతులు తలలోంచి వస్తున్నాయి!

రెండు అక్షరాలతో వందనూ విడదీయలేరా? జపనీస్ వర్ణమాలలో నలభైకి పైగా అక్షరాలున్నాయి. రెండేసి చొప్పున రెండువేల దాకా కలయికలు వస్తాయి, వందకు ఎక్కువే. కానీ కవులు ఆట కోసం రాయలేదు. వందలో 16 కవితలు 'అ'తోనే మొదలవుతాయి, కొన్ని అక్షరాలతో ఒకటే. ఈ ఎగుడుదిగుడే ఆటకు ప్రాణం. ఇంకో విచిత్రం, ఆట సాగేకొద్దీ సంకేతం కురచవుతుంది. 'ఉ'తో మొదలయ్యే కవితలు రెండే. వాటిని విడదీయడానికి రెండో అక్షరం కావాలి. ఒకటి చదివేశారంటే, ఇక మిగిలినదానికి 'ఉ' ఒక్కటే చాలు. మంచి ఆటగాడు ఈ మారుతున్న హద్దుల్ని క్షణక్షణం తిరగరాసుకుంటూ ఉంటాడు. మన శతకాలు ఇందుకు సరిగ్గా తలకిందులు. వేమన పద్యాల్లో చాలావాటికి మకుటం ఒకటే. అది విన్నాక ఏ పద్యమో ఏమాత్రం తెలియదు, వేమనది అని మాత్రం తెలుస్తుంది. మకుటం కవి సంతకం, కిమారిజి కవిత వేలిముద్ర. తెలుగులో కరుతా లాంటిది పెట్టాలంటే శతకం ఎత్తుగడల్నే పట్టుకోవాలి. చివరి పాదం దగ్గర అందరూ ఒకేసారి గొంతు కలుపుతారు, ఎవరూ గెలవరు.

ఇలాంటి తలలున్న జనం కోసం హొకుసాయ్ 1835-36లో ఒక వరస మొదలుపెట్టాడు: వంద కవితల్నీ ఒక పల్లెటూరి దాది చెప్పుకొచ్చినట్టు. కవితలో ఉన్నది ఒకటి, ఆవిడకు అర్థమైంది ఒకటి. ఆ తేడాయే హాస్యం. కవిత రానివాడికి అది కూలీల బొమ్మో పడవల బొమ్మో తప్ప మరేమీ కాదు. వంద అనుకున్న వరసలో పాతిక పైచిలుకు మాత్రమే అచ్చయ్యాయి, మిగతావి గీతల దశలో ఆగాయి. కారణాలు ఎన్నున్నా, సంకేతం మరీ బిగుసుకుపోవడం వాటిలో ఒకటని నా అంచనా. పదేళ్ల తర్వాత కునియోషి, హిరోషిగే, కునిసదా ముగ్గురూ కలిసి వేసిన వంద కవితల వరస చూస్తే ఈ అంచనాకు బలం వస్తుంది. 51, 35, 14 చొప్పున వంద చిత్రాలూ పూర్తయ్యాయి. అందులో పైన కవిత పూర్తిగా ఉంటుంది, కింద కథను వివరించే గద్యం ఉంటుంది, మధ్యలో నాటకాల్లో అందరికీ తెలిసిన వీరుడో ప్రేయసో ఉంటారు. ఆధారాలు మూడింతలు. పైగా 1842 ఆంక్షల్లో నటుల చిత్రాలు నిషేధం. శిష్ట కవిత్వం మాటున నాటకాల రంగును దాటించడానికి ఈ ఏర్పాటు పనికొచ్చింది. పై అధికారికి కవిత కనబడుతుంది, కొనేవాడికి రంగస్థలం కనబడుతుంది.

ఇదంతా చదువుకున్న కొద్దిమంది విలాసం కాదా అనవచ్చు. సామాజిక శాస్త్రవేత్త రోనాల్డ్ డోర్ అంచనా ప్రకారం 19వ శతాబ్దం మధ్యకు జపాన్‌లో మగపిల్లల్లో దాదాపు 40 శాతం, ఆడపిల్లల్లో 10 శాతం ఏదో ఒక బడికి వెళ్లారు. ఆ కాలానికి ఎక్కువే, అయినా అందరూ కాదు. కానీ కరుతా ముక్కను తాకడానికి పండితుడు కానక్కర్లేదు. కొత్త సంవత్సరపు సెలవుల్లో పిల్లలూ ముసలివాళ్లూ కలిసి ఆడే ఆట అది. చదవడం రాకపోయినా చెవి ఉంటే సగం పని అవుతుంది. ఇక ఆట తలలో ఏమీ నింపని చోట చిత్రం ఎలా ఉంటుందో చూడాలంటే సుగోరోకు ఉంది. మన వైకుంఠపాళికి దగ్గరి చుట్టం. పాచిక వేయడం, గడి నుంచి గడికి పోవడం. నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. అందుకే ఆ కాగితాల మీద ఖాళీ అన్నది కనబడదు: ప్రతి గడికీ బొమ్మ, పేరు, ఎన్ని పడితే ఎక్కడికి పోవాలో సూచన. జ్ఞాపకాన్ని అడగని ఆట కాగితాన్ని నింపేసింది.

ఆటలు తలల్ని నింపుతాయన్నది అతిశయోక్తి అనుకునేవారు 1942ను గమనించాలి. పుంగ్గోల్ పేరుకు ఆ ఏడుతో ఉన్న సంబంధం సింగపూర్ చరిత్రలో చెరగనిది. 1942 ఫిబ్రవరి 28న పుంగ్గోల్ తీరంలో జపాన్ సైనిక పోలీసులు 300 నుంచి 400 మంది చైనీయుల్ని కాల్చి చంపారు; ఇవాళ అక్కడ స్మారక ఫలకం ఉంది. అదే ఏడు నవంబరులో జపాన్‌లో దేశభక్తి వంద కవితలు అన్న కొత్త సంకలనం ప్రకటించారు. పాత వందలో 43 ప్రేమ కవితలు. యుద్ధకాలానికి అవి పనికిరావనుకున్నారు. చక్రవర్తి భక్తి కవితలతో కొత్త ముక్కలు అచ్చువేసి బడులకూ ఇళ్లకూ పంపారు. రెండు ఘటనలకూ కార్యకారణ సంబంధం ఉందనడం లేదు. జనం తలల్లో ఉన్నది మార్చాలనుకున్న ప్రభుత్వం ఉపన్యాసాలతో సరిపెట్టుకోక పేకముక్కలు మార్చిందన్నదే ఇక్కడ ముఖ్యం. దాని సత్తా ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. యుద్ధం ముగిశాక కొత్త ముక్కలు పోయాయి, పాతవే తిరిగి వచ్చాయి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పారిస్ నుంచి వస్తుంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి చిత్రకారులకు జపనీస్ అక్షరం ముక్క రాదు, కరుతా తెలియదు, గెంజి తెలియదు. అయినా ఈ చిత్రాల మీద పడి కొన్నారు, వాటిని చూసి తమ చిత్రకళనే మార్చుకున్నారు. తలలో సగం లేకుండానే కాగితం మీది సగం అంత పని చేసిందంటే, నేను చెప్పే రెండో సగానికి విలువేమిటి? ఇందులో ఒప్పుకోవలసింది చాలా ఉంది. గీత, రంగు, కోణం ఏ తాళంచెవీ లేకుండానే తెరుచుకుంటాయి. 2021లో సింగపూర్ ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో ఎడో జీవితం మీద పెట్టిన ప్రదర్శనలో 150కి పైగా చిత్రాలున్నాయి, వాటి ముందు నిలబడ్డ వారిలో ఎందరికి పాత కవితలు వచ్చు? కానీ పారిస్ వాళ్లు దేన్ని ఎంచుకున్నారో, దాన్నేం చేశారో చూడాలి. వాళ్లకు ఎక్కువగా నచ్చినవి ప్రకృతి దృశ్యాలు, స్త్రీల బొమ్మలు, అంటే సంకేతం పలుచగా ఉన్నవి. 1887లో వాన్ గో హిరోషిగే చిత్రాలు రెండింటిని నూనెరంగుల్లో తిరిగి గీశాడు: ఒకటి వంతెన మీద వాన, ఇంకోటి ప్లమ్ పూల తోట. రెండింటి చుట్టూ అంచుల్లో జపనీస్ అక్షరాలు బారుగా నింపాడు, మూలంలో లేనివి, వేరే కాగితాల మీది నుంచి ఎత్తి రాసినవి. ఆయనకు అవి నగిషీలు. చదవగలిగినవారు చూస్తే, ఆ పూల తోట పక్కన నిలువుగా ఉన్నది యోషివారా భోగంవీధిలోని ఒక ఇంటి పేరు, అక్కడి ఒక స్త్రీ పేరు, ఎడోచో ఒకటో వీధి అనే చిరునామా.